సన్నగీతలు, సన్నని పొర



ముదురు రంగు కారు కొన్నవాళ్లలో చాలామందిది ఒకటే ఫిర్యాదు. నీడలో నిలిపితే బండి నిగనిగలాడుతుంది. ఎండలోకి తీస్తే బానెట్ మీద సూర్యుడు మెరిసే చోట, ఆ మెరుపు చుట్టూ, వలయాలు వలయాలుగా సన్నని గీతలు తేలతాయి. రాత్రిపూట పెట్రోలు బంకులో దీపాల కింద ఆగినా అంతే. కొని ఏడాది తిరక్కముందే బండి పాతబడిపోయిందేమో అనిపిస్తుంది. డిటెయిలింగ్ షాపులవాళ్లు వీటిని స్విర్ల్ మార్కులు అంటారు. మన మాటల్లో సన్నగీతలు అందాం.

వీటిని పోగొడతామంటూ బఫింగ్, పాలిషింగ్ అన్న బోర్డులు ఇప్పుడు ప్రతి పెద్ద రోడ్డు మీదా కనిపిస్తున్నాయి. పాలిష్ అనగానే మనకు డబ్బాలోంచి ఏదో తీసి పూయడం గుర్తొస్తుంది. కారు విషయంలో జరిగేది పూయడం కాదు, అరగదీయడం. కారు పైపొరలో కొంత తీసేస్తేనే ఆ మెరుపు వస్తుంది. ఉన్న పొర ఎంత, తీసింది ఎంత, మిగిలింది ఎంత? ఈ మూడు లెక్కలూ తెలియకుండా బండి మీద మెషిన్ పెట్టించకూడదని చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందు ఆ పొర సంగతి చూద్దాం. ఫ్యాక్టరీలో ఉక్కు రేకులతో అతికిన బాడీని శుభ్రంగా కడిగి, జింక్ ఫాస్ఫేట్ ద్రావణం పట్టించి, విద్యుత్తు పారే రంగు తొట్టిలో ముంచుతారు. తుప్పు పట్టకుండా కాచే మొదటి కోటు అలా మూలమూలలా అంటుకుంటుంది. దాని మీద ప్రైమరు వేస్తారు. ప్రైమరు మీద అసలు రంగు, అంటే బేస్ కోటు. అన్నిటికన్నా పైన రంగులేని పారదర్శకమైన పొర ఒకటి వేస్తారు. అదే క్లియర్ కోటు. మన కంటికి కనిపించే నిగనిగ ఈ ఆఖరి పొరదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పట్టి ఆపే రసాయనాలు కూడా ఇందులోనే ఉంటాయి. కింది రంగు వెలిసిపోకుండా కాపాడేది కూడా ఇదే.

ఇన్ని పొరలూ కలిపితే మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే కారుకు వేసిన మొత్తం రంగు మందం ఒకటిన్నర, రెండు వెంట్రుకలంత. అందులో క్లియర్ కోటు వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. ఒక వెంట్రుక మందం కూడా రాదు. లక్షలు పోసి కొన్న బండి అందాన్ని మోస్తున్నది ఆ కాస్త పొరే.

ఈ పారదర్శక పొర కార్లకు మొదటి నుంచీ లేదు. తొలిరోజుల్లో కారుకు రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్ల మీద జనరల్ మోటార్స్ సంస్థ, డ్యూపాంట్ తయారుచేసిన డ్యూకో అనే లాకర్‌ను వాడింది. వారాల పని గంటల్లోకి వచ్చింది. మన షెడ్లలో ఇప్పటికీ డ్యూకో పెయింటింగ్ అంటూనే ఉంటారు. ఆ తర్వాత ఎనామెల్, యాక్రిలిక్ రంగులు వచ్చాయి. అయినా చాలాకాలం వరకు పైన కనిపించేదీ, గాలికీ ఎండకీ తగిలేదీ రంగే. 1970ల చివర, 1980లలో రంగు ఒక కోటు, దాని మీద పారదర్శక కోటు అన్న రెండంచెల పద్ధతి ప్రపంచమంతా వ్యాపించింది.

అంబాసిడర్లు, ఫియట్లు నడిపిన తరానికి రబ్బింగ్ కాంపౌండ్ బాగా తెలుసు. డబ్బాలోంచి ముద్ద తీసి తడిగుడ్డతో రుద్దితే, వెలిసిన రంగు పోయి కింద తాజా రంగు తేలేది. ఎర్ర కారైతే గుడ్డ ఎర్రబడేది, నీలం కారైతే నీలమయ్యేది. రంగు పోతోందని ఆ గుడ్డే చెప్పేది. రుద్దే చెయ్యి తనంతట తానే నెమ్మదించేది. ఇప్పటి కారు మీద అదే కాంపౌండు పెట్టి ఎంత రుద్దినా గుడ్డకు అంటేది కాంపౌండు తెలుపే. ఎందుకంటే పోయేది రంగులేని పొర. పోవడం కంటికి కనిపించదు కాబట్టి ఏమీ పోవడం లేదనుకుంటున్నాం. సంవత్సరానికి రెండుసార్లు పాలిష్ చేయిస్తే బండికి మంచిదన్న నమ్మకం అలా పుట్టిందే.

ఇక గీతలు గుండ్రంగా ఎందుకు కనిపిస్తాయో చూద్దాం. గుడ్డను గుండ్రంగా తిప్పి తుడిచారు కాబట్టి గీతలూ గుండ్రంగా పడ్డాయని అనుకుంటారు. నిజానికి అవి అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. ఒక్కో గీతా చాలా సన్నని కాలువ. దాని గోడల మీద పడ్డ వెలుగు ఒకే వైపుకు తిరిగి వెళుతుంది. దీపం మెరిసే చోటుకు అడ్డంగా ఉన్న గీతలే ఆ వెలుగును మన కంటికి అందిస్తాయి. ఆ చోటు వైపుకు సాగిన గీతలు అక్కడే ఉన్నా మనకు కనపడవు. కనిపించే అడ్డగీతలన్నీ కలిసి దీపం చుట్టూ వలయాలుగా తోస్తాయి. ఇంట్లో స్టీలు కంచాన్ని బల్బు కింద పట్టి చూడండి. ఏళ్లుగా పీచుతో తోమిన కంచం మీద ఇవే వలయాలు ఉంటాయి. కంచాన్ని అటూ ఇటూ కదిపితే వలయాలు బల్బు మెరుపు వెంటే జరుగుతాయి. గీతలు ఎక్కడివక్కడే ఉంటాయి, మనకు కనిపించే గీతలు మారుతుంటాయి, అంతే.

దీని వల్ల ఒక ప్రయోజనం ఉంది. ఒక్క దీపం ఒక్కచోట పెట్టి చూస్తే గీతల్లో కొన్నే బయటపడతాయి. అందుకే చేయి తిరిగిన పనివాడు చేతిలైటును నాలుగు వైపుల నుంచీ తిప్పి చూస్తాడు. పరుచుకున్న ట్యూబులైటు వెలుగులో గీతలు దాక్కుంటాయి. పని అయ్యాక బండి అప్పగించేటప్పుడు షాపు లోపల చూసి సంతోషపడి రాకండి. ఎండలోకి తీయించి చూడండి. తెల్లకారు వాళ్లు మా బండికి గీతలు లేవంటారు. అన్నే ఉంటాయి, తెలుపు మీద వాటి మెరుపు తేలదు.

ఈ గీతలు ఎక్కడ పడతాయి? రోడ్డు మీద కన్నా మనం శుభ్రం చేసేటప్పుడే ఎక్కువ. దుమ్ములో ఏముందో తెలిస్తే ఇది అర్థమవుతుంది. హైదరాబాదు గ్రానైటు బండల మీద నిలిచిన ఊరు. గ్రానైటులో ముఖ్యంగా ఉండేవి పలుగురాయి, అంటే క్వార్ట్జ్, ఇంకా ఫెల్డ్‌స్పార్. గోదావరి ఇసుకలోనూ, విశాఖ తీరపు ఇసుకలోనూ క్వార్ట్జ్ రేణువులకు కొదవ లేదు. ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది వరకు వరుస పెట్టినవాడు ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త. 1812లో వేసిన ఆ వరుసలో వజ్రం 10, క్వార్ట్జ్ 7, ఫెల్డ్‌స్పార్ 6. కిటికీ అద్దం ఐదున్నర దగ్గర ఉంటుంది. క్లియర్ కోటు ఒక రకం ప్లాస్టిక్కే, అద్దం కన్నా చాలా మెత్తన. ఇంక ఆ దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టి నొక్కి తుడిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

రంగుల కంపెనీల ప్రయోగశాలలు కూడా ఈ సంగతినే ఆధారం చేసుకున్నాయి. కొత్త క్లియర్ కోటు గీతలకు ఎంత ఓర్చుకుంటుందో తేల్చడానికి అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 20566. రంగు వేసిన పలక మీద తిరిగే బ్రష్షును నడుపుతూ, క్వార్ట్జ్ పొడి కలిపిన నీళ్లు చల్లుతారు. లీటరు నీళ్లకు పొడి ఒకటిన్నర గ్రాములే. ముందు ఎంత మెరుపుంది, తర్వాత ఎంత మిగిలింది అని మీటరుతో కొలుస్తారు. మన దగ్గర ఆ పరీక్ష రోజూ తెల్లవారుజామున అపార్టుమెంటు సెల్లారులో జరుగుతోంది. ఒక బకెట్టు, ఒక గుడ్డ, వరసగా పది బళ్లు. మొదటి బండి దుమ్ము పదో బండికి చేరుతుంది. తుడిచేవాళ్లను అనడానికి లేదు. బండికి దొరికేది అయిదు నిమిషాలు, నీళ్లు పారబొయ్యొద్దని అసోసియేషన్ ఆజ్ఞ, నెలాఖరుకు ఇచ్చేది కొద్దిపాటి డబ్బు. రోజూ తుడవాలని పట్టుబట్టేది మనమే. దుమ్ము పట్టి నిలబడిన కారుకు గీతలు పడవు. ఆ దుమ్మును పొడిగా తుడిస్తే పడతాయి.

కవరు కప్పితే నయమనుకుంటారు. దుమ్ము మీదే కవరు కప్పి, గాలికి అది రెపరెపలాడితే రోజంతా తుడిచినట్టే. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఆటోమేటిక్ వాష్ టన్నెల్లోకి బండిని పంపుతారు. అక్కడి బ్రష్షులకు ముందు వెళ్లిన బండి బురద అంటుకునే ఉంటుంది. ఊరేదైనా కారణం ఒక్కటే, గట్టి రేణువు మెత్తని పొర మీద ఒత్తిడితో జరగడం.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. గీత అంటే గుంట. గుంటను పూడ్చలేం కాబట్టి దాని చుట్టూ ఉన్న పొరను గుంట అడుగు దాకా దించుతాం. గుంటకు అంచులు లేకుండా పోతే వెలుగు చెదరదు, గీత కనిపించదు. కొన్నిసార్లు అడుగు దాకా దించక్కర్లేదు, పదునైన అంచులు గుండ్రబడినా చాలు, గీత కంటికి ఆనదు. సన్నగీతలు సాధారణంగా రెండు మూడు మైక్రాన్ల లోపు లోతే కాబట్టి ఇది సాధ్యమవుతోంది. గోరు పెట్టి గీత మీద అడ్డంగా లాగి చూడండి. గోరు తట్టుకుంటే ఆ గీత లోతైనది. దాన్ని పూర్తిగా తీయాలంటే క్లియర్ కోటులో సగం పోగొట్టుకోవాల్సి రావచ్చు. అలాంటి గీతను కాస్త మసకబరిచి వదిలేయడమే వివేకం.

సరిగ్గా చేస్తే పని క్రమం ఇలా ఉంటుంది. మొదట బండిని బాగా కడగాలి. తర్వాత బ్రేకుల నుంచి ఎగిరి రంగులో గుచ్చుకున్న ఇనుప రజను తీయడానికి ఒక ద్రావణం చల్లుతారు. ఇనుము తగిలిన చోటల్లా అది ఊదారంగుకు తిరిగి కారుతుంది. తర్వాత క్లే బార్. జపాన్‌లో మొదలైన ఈ మెత్తని బంకముద్దను జారుడు ద్రవం చల్లి రంగు మీద నెమ్మదిగా జరిపితే తారు చుక్కలు, రంగు తుంపర్లు, పట్టిన మడ్డి ఊడి వస్తాయి. అవసరమా కాదా తెలుసుకోవాలంటే చేతికి పల్చని ప్లాస్టిక్ సంచి తొడుక్కుని కడిగిన బానెట్ మీద రాసి చూడండి. గరుకు తగిలితే అవసరమే. ఈ శుభ్రత లేకుండా మెషిన్ పెడితే ఆ రజనే ప్యాడ్ కింద చేరి కొత్త గీతలు గీస్తుంది.

తర్వాత మందం కొలవాలి. అరచేతిలో పట్టే మీటరు ఒకటి ఉంటుంది. ఉక్కు రేకు మీద అయస్కాంత ప్రభావంతోనూ, అల్యూమినియం మీద సుడి విద్యుత్ ప్రవాహాలతోనూ ఇది పనిచేస్తుంది. తలుపుకు, బానెట్‌కు, టాపుకు ఒక్కోచోట నాలుగైదు కొలతలు తీసుకోవాలి. అంతటా 110, 120 వస్తూ ఒక తలుపు మీద మాత్రం 250 చూపిస్తే ఆ తలుపుకు మళ్లీ రంగు వేశారని అర్థం. వెయ్యి దాటితే కింద లప్పం ఉంది. పాత కార్లు కొనేవాళ్లు కూడా ఈ మీటరు పట్టుకుని తిరిగేది అందుకే. ఈ మీటరుకు రెండు లోపాలున్నాయి. అది అన్ని పొరల మొత్తాన్నే చెబుతుంది, క్లియర్ కోటును విడిగా చెప్పదు. ప్లాస్టిక్ బంపర్ల మీద అసలు పనిచేయదు. పొరలను విడదీసి చూపే అల్ట్రాసోనిక్ మీటర్లున్నా వాటి ధర చిన్న షాపుకు అందదు. కాబట్టి ముందు తీసిన కొలతకూ తర్వాత తీసిన కొలతకూ తేడా చూసుకోవడమే మనకున్న దారి.

ఎంత తీయవచ్చు? పాలిష్‌తో ఒక తేలిక విడత అయితే ఒక మైక్రానో, అంతకన్నా తక్కువో పోతుంది. కాంపౌండ్‌తో గట్టిగా కోస్తే రెండు నుంచి నాలుగు మైక్రాన్లు. వాటర్ పేపర్ పెట్టి తడిపి రుద్దితే అంతకు మించి పోతుంది. కారు జీవితకాలం మొత్తానికి ఏడెనిమిది మైక్రాన్లకు మించి తీయకూడదన్నది ఈ వృత్తిలో స్థిరపడిన లెక్క. అంతకన్నా పల్చబడితే అతినీలలోహిత కిరణాల నుంచి కాపుదల తగ్గుతుంది. కొన్నేళ్ల తర్వాత టాపు మీద, బానెట్ మీద తెల్లటి మచ్చలు లేచి పొర పొట్టుగా ఊడుతుంది. మన ఎండలకు ఆ ప్రమాదం ఇంకా దగ్గర. దానికి పాలిష్ మందు కాదు, మళ్లీ రంగు వేయించాల్సిందే.

మళ్లీ వేయిస్తే పోలేదా అంటారేమో. ఫ్యాక్టరీలో క్లియర్ కోటును ఖాళీ ఉక్కు బాడీ మీద 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. షెడ్డుకు వచ్చిన కారులో ప్లాస్టిక్కు, రబ్బరు, వైర్లు, బ్యాటరీ అన్నీ ఉంటాయి. దాన్ని 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టడమే సాధ్యం. అందుకని ఆ పనికి వేరే రకం రంగులు, వేరే గట్టిపరిచే రసాయనాలు వాడతారు. మంచి మేస్త్రి చేతిలో అది బాగానే వస్తుంది. కానీ ఫ్యాక్టరీలో వచ్చిన పొర ఫ్యాక్టరీలో ఒక్కసారే వస్తుంది.

మెషిన్లలో రెండు జాతులున్నాయి. రోటరీలో ప్యాడ్ ఒకే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ఆరంగుళాల ప్యాడ్ నిమిషానికి 1500 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు దాదాపు 12 మీటర్ల వేగంతో రంగును రాస్తుంది. అది గంటకు 40 కిలోమీటర్ల పైమాటే. కోత వేగంగా ఉంటుంది, వేడీ అంతే వేగంగా పుడుతుంది. ఒకచోట క్షణం ఎక్కువ ఆగితే పొర కాలుతుంది. అంచుల మీద, బాడీ మడతల మీద రంగు మరీ పల్చగా ఉంటుంది కాబట్టి అక్కడ ప్రైమరు తేలేదాకా పోతుంది. ప్లాస్టిక్ బంపరు వేడిని ఉక్కులా పంచుకోలేదు, ఇంకా తొందరగా కాలుతుంది. పని తెలియని చేతిలో రోటరీ ఇంకో గుర్తు కూడా వదులుతుంది. ఎండలో బండి పక్కన నడుస్తుంటే మెషిన్ తిరిగిన దారులు మబ్బు చారలుగా కదులుతూ కనిపిస్తాయి. వీటిని హోలోగ్రాములంటారు. సన్నగీతలు తీయించబోయి వీటితో ఇంటికొచ్చినవాళ్లు చాలామందే ఉంటారు.

రెండో జాతి డ్యూయల్ యాక్షన్. ప్యాడ్ చిన్న కక్ష్యలో ఊగుతూ, అదే సమయంలో తన చుట్టూ తాను స్వేచ్ఛగా తిరుగుతుంది. ఆ కక్ష్య 8, 15, 21 మిల్లీమీటర్లు ఇలా రకరకాలుగా ఉంటుంది. పెద్ద కక్ష్య మెషిన్లకు పేరు తెచ్చింది ఇటలీకి చెందిన రూపెస్ కంపెనీ. ఎక్కువ నొక్కితే ఈ ప్యాడ్ తిరగడం మానేస్తుంది. అదే దీని రక్షణ. ప్యాడ్ వెనక ప్లేటు మీద మార్కరుతో ఒక గీత గీసుకుంటే అది తిరుగుతోందో, ఊగడం మాత్రమే జరుగుతోందో తెలుస్తుంది. సొంతంగా చేసుకోవాలన్న ఉత్సాహం ఉన్నవాళ్లు దీన్నే పట్టుకోవాలి.

ప్యాడ్లు ఉన్నితో, మైక్రోఫైబరుతో, స్పాంజితో చేస్తారు. ఈ వరుసలో కోత సాధారణంగా తగ్గుతూ వస్తుంది. స్పాంజి రంగును బట్టి గట్టిదనం గుర్తుపట్టాలనుకోకండి, కంపెనీకో రంగు పద్ధతి ఉంది. కాంపౌండులో ఉండేది ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడు పొడి. కొన్ని రకాల్లో రేణువులు రాసేకొద్దీ నలిగి మెత్తబడతాయి, కొన్నిటిలో చివరిదాకా అదే పరిమాణంలో ఉంటాయి. అందుకని సీసా మీద రాసిన పద్ధతి చదవకుండా ఒకదాని అలవాటును ఇంకోదానికి తగిలించకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మర్యాద ఒకటుంది, తక్కువతో మొదలుపెట్టడం. బానెట్ మీద రెండడుగుల చోటు ఎంచుకుని ముందు మెత్తని ప్యాడ్, తేలిక పాలిష్‌తో ప్రయత్నించాలి. గీతలు పోతే బండి మొత్తానికి అదే చాలు. పోకపోతేనే ఒక మెట్టు పైకి. కొన్ని కార్ల క్లియర్ కోటు మెత్తగా ఉంటుంది, కొన్నింటిది మొండిగా ఉంటుంది. ఈ పరీక్ష చోటు చూడకుండా ఏ బండికైనా కాంపౌండుతోనే మొదలుపెట్టే షాపు, మీ పొరను అక్కర్లేకుండా తీస్తోందన్నమాట.

పని నీడలోనే జరగాలి, రేకు చల్లగా ఉండాలి. మే నెలలో విజయవాడ ఎండలో నిలిపిన బానెట్ మీద చెయ్యి ఆనదు. దాని మీద పాలిష్ వేస్తే క్షణాల్లో ఎండి పెచ్చు కడుతుంది. రబ్బరు బీడింగులకు, ప్లాస్టిక్ అంచులకు, పదునైన మడతలకు టేపు వేసుకోవాలి. ఉంగరం, గడియారం, బెల్టు బకిల్ తీసేయాలి. ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు మూడు నాలుగు చాలు. మెషిన్ ఆన్ చేయకముందే ప్యాడ్‌ను రంగుకు ఆనించి, తక్కువ వేగంతో పరిచి, తర్వాత వేగం పెంచాలి. చెయ్యి నెమ్మదిగా జరగాలి, సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లు. ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా, ప్రతి వరసా ముందుదాన్ని సగం కప్పుతూ సాగాలి. నాలుగు నుంచి ఆరు విడతలు తిరిగాక ఆపి, తుడిచి, లైటు పెట్టి చూడాలి. ప్రతి చోటుకూ ప్యాడ్‌ను శుభ్రం చేసుకోవాలి, లేకపోతే తీసిన పొడే తిరిగి గీస్తుంది. అన్నిటికీ మెషిన్ అక్కర్లేదు. తలుపు పిడి వెనక గోళ్లూ ఉంగరాలూ తగిలి పడే గీతలకు చిన్న స్పాంజి ముక్క, చేతివేళ్లు చాలు.

ఇక్కడ ఒక మోసం గురించి హెచ్చరించాలి. కొన్ని పాలిష్‌లలో, గ్లేజులలో నూనెలు, నింపుడు పదార్థాలు ఉంటాయి. అవి గీతల్లోకి చేరి వెలుగును సర్దుతాయి. షాపు దాటేటప్పుడు బండి ధగధగలాడుతుంది. రెండు మూడు వాష్‌లకు గీతలన్నీ వెనక్కి వస్తాయి. నిజంగా తీశారా, దాచారా తేల్చడం తేలిక. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీళ్లలో పల్చగా కలిపి చల్లి మెత్తని గుడ్డతో తుడిస్తే నూనె పోతుంది, గీతలుంటే బయటపడతాయి. నిజాయతీగల పనివాడు మీ ముందే ఇది చేసి చూపిస్తాడు. అయితే, తెలిసి దాచడం తప్పేమీ కాదు. పొర పల్చబడిపోయిన పాత బండికి గీతలు తీయడం కన్నా వ్యాక్స్ పెట్టి దాచడమే మేలు. అది దాచడమేనని చెప్పి చేయాలి, అంతే.

పాలిష్ అయ్యాక సెరామిక్ కోటింగ్ వేయమంటారు. దాని మీద తొమ్మిది హెచ్ గట్టిదనం అని రాసి ఉంటుంది. ఇందాక చెప్పిన మోస్ వరుసలో తొమ్మిది అంటే కురువిందం, కెంపు నీలాల జాతి. కోటింగ్ డబ్బా మీది తొమ్మిదికీ దానికీ సంబంధం లేదు. అది పెన్సిళ్ల గట్టిదనం లెక్క. రకరకాల పెన్సిళ్లతో పొరను గీసి ఏది గీరు పెడుతుందో చూసే పరీక్ష అది. ఆ వరుసలో గట్టి పెన్సిల్‌కు ఓర్చుకున్న పొర ఇసుక రేణువుకు ఓర్చుకోవాలని లేదు. సిలికా ఆధారంగా చేసే ఈ కోటింగ్ మందం ఒకటి రెండు మైక్రాన్లు. నీళ్లు జారిపోవడానికి, మడ్డి అంటకుండా తేలిగ్గా కడగడానికి అది బాగా ఉపయోగపడుతుంది. సన్నగీతలు పడవని మాట ఇస్తే మాత్రం నమ్మకండి. గీతల నుంచి నిజంగా కాచేది 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉండే పాలీయూరితేన్ ఫిల్మ్. దాని ఖరీదూ అలాగే ఉంటుంది. కార్ల కంపెనీలూ ఊరుకోలేదు. 2003 చివర్లో మెర్సిడెస్ బెంజ్ నానో రేణువులు కలిపిన క్లియర్ కోటు తెచ్చింది. 2005లో నిస్సాన్, సన్నగీతలు వెచ్చదనానికి తమంతట తామే సర్దుకునే పొరను ప్రకటించింది. ఇవి గీతలను తగ్గించాయి, పూర్తిగా ఆపలేదు.

అందువల్ల చివరికి మనం వచ్చి చేరేది కడిగే పద్ధతి దగ్గరికే. దుమ్ము మీద గుడ్డ పెట్టే ముందు నీళ్లు పోయాలి. వదులుగా ఉన్న దుమ్మంతా నీళ్లతోనే జారిపోవాలి. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోవాలి, ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండోదానిలో మామూలు నీళ్లు. మైక్రోఫైబర్ తొడుగును షాంపూలో ముంచి ఒక పలక కడిగాక, మామూలు నీళ్లలో జాడించి మళ్లీ షాంపూలో ముంచాలి. పైనుంచి కిందికి రావాలి, బురద ఎక్కువుండే కింది భాగం, చక్రాలు వేరే గుడ్డతో చివర చేయాలి. కింద పడిన గుడ్డను మళ్లీ రంగుకు తగలనివ్వకూడదు. పాత బనీను గుడ్డల కుట్లు కూడా గీతలు పెడతాయి. బోరునీళ్లలో ఉప్పులెక్కువ కాబట్టి ఎండలో ఆరనివ్వకుండా మెత్తని తువ్వాలును అద్ది తడి తీయాలి. నీళ్ల కరువున్న చోట వారానికి ఒక్కసారి ఇలా కడిగి, మిగతా రోజులు ముట్టుకోకుండా వదిలేయండి. తుడిచే మనిషితో రోజూ అద్దాలు మాత్రమే తుడిస్తే చాలని చెప్పండి. ఆయనకూ పని తగ్గుతుంది, జీతం మాత్రం తగ్గించకండి.

పాలిష్ చేయించాలని నిర్ణయించుకుంటే షాపులో మూడు ప్రశ్నలు అడగండి. ముందూ తర్వాతా మందం కొలిచి కాగితం మీద రాసిస్తారా? పరీక్ష చోటు మీద తేలికైన ప్యాడ్‌తో మొదలుపెడతారా? పని అయ్యాక ఆల్కహాల్‌తో తుడిచి ఎండలో చూపిస్తారా? మూడింటికీ అవునన్నవాళ్ల దగ్గర రేటు కొంచెం ఎక్కువైనా అది మీ పొరను కాచుకున్న ఖర్చే. ఆ కాగితాన్ని ఆర్సీ, ఇన్సూరెన్సుతో పాటు బండిలో పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత మళ్లీ ఎవరైనా మెషిన్ చేత పట్టుకుని బండి దగ్గరికి వస్తే, ఇంకెన్ని మైక్రాన్లు తీయనివ్వొచ్చో మీకు ముందే తెలిసి ఉంటుంది.